ఆర్‌ఎక్స్-7కు అల్యూమినియం ఇంటర్‌కూలర్ పైపులు: ఊడకుండా, లీకవకుండా బిగించుకోవడం

టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపుతుంది, అలా వేడెక్కిన గాలిని మధ్యలో చల్లబరిచేది ఇంటర్‌కూలర్. ముందే చెప్పేస్తున్నా, దాని పైపులు మార్చినంత మాత్రాన కారు వేగం పెరగదు. పెరిగినట్టు అనిపించిందంటే అది మీరు పెట్టిన డబ్బు మహిమే. మార్చడానికి కారణం వేరు. ముప్ఫై ఏళ్ల పాటు ఇంజిన్ వేడికి ఉడికిన ప్లాస్టిక్ పైపు, బిరుసెక్కిన రబ్బరు గొట్టాలు ఎప్పుడు పగులుతాయో చెప్పలేం. ఆ టెన్షన్ లేకుండా బండి నడపడానికే ఈ పని.

నేను చెప్పేది మాజ్డా ఆర్‌ఎక్స్-7 ఎఫ్‌డీ3ఎస్ గురించి. 1991 చివర్లో మొదలై 2002 దాకా తయారైన కారు. అమెరికాలో 1993, 94, 95 మోడళ్లు మాత్రమే అమ్మారు. ఇండియాలో మాజ్డా దీన్ని అమ్మనే లేదు. కాబట్టి ఇది చదివే తెలుగువాళ్లలో ఎక్కువమంది నాలాగే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో గరాజ్‌లో ఒక్కళ్లే తంటాలు పడుతుంటారు. నాది 1994 మోడల్, టెక్సస్‌లో ఉంది, కంపెనీ ఇచ్చిన జంట టర్బోలే ఉన్నాయి. సింగిల్ టర్బోకి మార్చుకున్నవాళ్లకు టర్బో నుంచి బయల్దేరే పైపు దారి వేరుగా ఉంటుంది. కప్లర్లు (రెండు పైపులను కలిపే మెత్తటి గొట్టం ముక్కలు), క్లాంపులు (వాటిని బిగించే లోహపు పట్టీలు), శుభ్రం, పరీక్ష మాత్రం ఎవరికైనా ఒకటే.

గాలి వెళ్లే దారి

పైపు పట్టుకునే ముందు గాలి ఎటు నుంచి ఎటు పోతుందో కళ్లకు కట్టాలి. ఎయిర్‌బాక్స్ నుంచి రెండు టర్బోలకు, అక్కడి నుంచి రెంటినీ కలిపే వై పైపుకు, ఆ తర్వాత ఇంటర్‌కూలర్‌కు, దాన్నుంచి ఇంజిన్ ముందుగా అడ్డంగా పోయే క్రాసోవర్ పైపుకు, చివరికి ఒక ఎల్బో (వంపు పైపు) తిరిగి, ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూడు రంధ్రాల థ్రాటిల్ బాడీకి. ఇంటర్‌కూలర్‌కు ముందున్నది వేడి వైపు, తర్వాతది చల్ల వైపు.

వేడి అంటే ఎంత? టెక్సస్ జూలైలోనైనా విజయవాడ మే నెలలోనైనా బయటి గాలి 40 డిగ్రీలు అనుకుందాం. ఈ కారుకు కంపెనీ పెట్టిన బూస్ట్, అంటే టర్బో గాలికి ఇచ్చే అదనపు ఒత్తిడి, 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). టర్బో సామర్థ్యం 70 శాతం అని లెక్కేస్తే, నొక్కిన గాలి సుమారు 110 డిగ్రీలకు చేరుతుంది. దాన్ని చల్లబరచకుండా ఇంజిన్‌లోకి పంపితే డెటొనేషన్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలినట్టు మండటం, వస్తుంది. పిస్టన్ ఇంజిన్ అయితే కాస్త నాక్ చేసి ఊరుకుంటుందేమో. ఈ కారుది రోటరీ ఇంజిన్, పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరుగుతాయి. ఆ రోటరు మూలల్లో ఉండే ఏపెక్స్ సీల్ మందం 2 మిల్లీమీటర్లే. ఒక్క గట్టి దెబ్బకు అది విరుగుతుంది, విరిగిన ముక్క పోతూ పోతూ టర్బోను కూడా తీసుకుపోతుంది. ఈ కారులో పైపుల పనిని పూజకు చేసినంత శుభ్రంగా చేయాలనేది అందుకే.

ఇంకో సంగతి. ఈ ఇంజిన్ కంప్యూటర్ గాలిని మీటరుతో కొలవదు, మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పోయే చివరి గొట్టం) ఒత్తిడిని చూసి లెక్క కడుతుంది. అందువల్ల పైపులో సన్నని లీకు ఉన్నా బండి నల్ల పొగ వదలదు, ఆగిపోదు. టర్బోలు మాత్రం ఆ లోటు పూడ్చడానికి ఇంకా వేగంగా తిరిగి, గాలిని ఇంకా వేడి చేస్తాయి. లోపం బయటపడదు కాబట్టే వెతికి పట్టుకోవాలి.

ఎంత లావు పైపు కొనాలి

అమ్మేవాళ్లు రెండున్నర అంగుళాలు, రెండు ముప్పావు, మూడు అని చూపిస్తారు. లావు పైపు నిండడానికి టైం పట్టి ల్యాగ్ (బూస్ట్ రావడంలో ఆలస్యం) వస్తుందని ఒక భయం ప్రచారంలో ఉంది. లెక్క చూడండి. రెండున్నర అంగుళాల పైపు మీటరుకు సుమారు 2.8 లీటర్లు పడుతుంది, మూడు అంగుళాలది 4.2. తేడా లీటరున్నర కూడా లేదు. 1308 సీసీల ఈ ఇంజిన్ షాఫ్టు ఒక్కసారి తిరిగితే దాదాపు అంత గాలీ మింగుతుంది, అంటే 3000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 65 లీటర్లు. ఆ లీటరున్నర నిండటం కనురెప్ప వేసేలోపు అయిపోతుంది.

లావు పైపుతో అసలు ఇబ్బంది ఇంకోటి. 10 పీఎస్ఐ దగ్గర రెండున్నర అంగుళాల పైపు చివర మీద గాలి సుమారు 22 కిలోల బలంతో తోస్తుంది. మూడు అంగుళాలదైతే 32 కిలోలు. కప్లర్ ఊడదీయాలని చూసే బలం ఇదే. పైగా బానెట్ కింద జాగా తక్కువ. కంపెనీ టర్బోలు ఉన్నంతకాలం నా ఓటు రెండున్నరకే.

కిట్ చేతికొచ్చాక మొదట చూడాల్సింది పైపు చివర చుట్టూ ఉబ్బు, అదే బీడ్, ఉందా లేదా అని. నునుపుగా కోసి వదిలేసిన చివర మీద ఏ క్లాంపూ నిలవదు. ఇది నాకు డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని ఒక కిట్ కొన్నాను. మెరుపు బాగుంది, ఒక పైపుకు ఒక వైపు బీడ్ లేదు. గట్టిగా బిగిస్తే సరిపోతుందిలే అనుకున్నా. పది రోజుల తర్వాత హైవే ర్యాంప్ మీద మూడో గేరులో ‘ఢబ్’మంది, గేజ్ ముల్లు సున్నా దగ్గర కూర్చుంది. బానెట్ ఎత్తితే పైపు కప్లర్‌లోంచి ఊడి పక్కకు ఒరిగి ఉంది, క్లాంపు మాత్రం కప్లర్ మీదే బిగుతుగా, ఏమీ ఎరగనట్టు. మా ఊళ్లో పొలం మోటారు డెలివరీ పైపు ఊడితే సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, వైరు మెలిపెట్టి బిగించేవాళ్లు. ఆ మోటారు గొట్టానికి కూడా చివర గాడి ఉండేది! అలా ఊడినప్పుడు బండి నెమ్మదిగా ఇంటిదాకా నడుస్తుంది కానీ నడపకండి. ఊడిన చోటి నుంచి వడపోత లేని గాలి, దుమ్ముతో సహా నేరుగా ఇంజిన్‌లోకి పోతుంది.

మిగతా సామాను: సిలికాన్ కప్లర్లు నాలుగు పొరలవైనా ఉండాలి. క్లాంపులు టీ-బోల్ట్ రకం. స్క్రూ తిప్పే గాడుల క్లాంపులు సిలికాన్‌ను కోస్తాయి, వద్దు. ఎల్బోకు కొత్త గ్యాస్కెట్, కొత్త వ్యాక్యూమ్ గొట్టం రెండు మీటర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చవక హెయిర్ స్ప్రే డబ్బా ఒకటి. అవును, జుట్టుకు కొట్టుకునేదే.

వై పైపును మొదటిసారి ముట్టుకోకపోతేనే మంచిది. సెకండరీ (రెండో) టర్బో గాలిని తెరిచి మూసే ఛార్జ్ కంట్రోల్ వాల్వ్ అక్కడే ఉంటుంది. పైపుల పనితో పాటు దాన్నీ కదిపితే, తర్వాత బూస్ట్ తేడా వచ్చినప్పుడు తప్పు ఎక్కడుందో తేలదు.

విప్పే ముందు

కొత్త పైపులు అలసిపోయిన ఇంజిన్‌ను బాగుచేయవు. చాలా రోజులుగా కంప్రెషన్ (రోటరు గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో) చూడకపోతే ముందు అది చూపించండి. మామూలు గేజ్ ఒక రోటరుకున్న మూడు ముఖాల్లో ఎక్కువ వచ్చినదాన్నే చూపిస్తుంది, రోటరీ కోసం చేసిన టెస్టరే మూడూ విడివిడిగా చెబుతుంది. 85 పీఎస్ఐకి దిగువన ఉంటే పైపుల డబ్బు ఇంజిన్ కోసం దాచుకోండి.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో (బండి నిలిపి ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు) వ్యాక్యూమ్ ఎంత ఉందో, రోడ్డు మీద బూస్ట్ ఎలా వస్తుందో కాగితం మీద రాసుకోండి. ఈ కారులో బూస్ట్ 10-8-10 లెక్కన నడుస్తుంది: మొదటి టర్బో 10 ఇస్తుంది, 4500 ఆర్‌పీఎం దగ్గర రెండోది కలిసేటప్పుడు 8కి దిగి మళ్లీ 10కి ఎక్కుతుంది. పని అయ్యాక పోల్చుకోవడానికి ఇదే మీ కొలబద్ద.

విప్పడం

ఇంజిన్ రాత్రంతా చల్లారాలి. ఈ ఇంజిన్‌కు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. పైపుల దగ్గర చెయ్యి పెట్టారంటే కింద టర్బోల పొయ్యి ఉన్నట్టే. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ముందు భాగం జాకీతో లేపి స్టాండ్ల మీద దించి, కింది ట్రే విప్పండి. జాకీ మీదే బండి ఉంచి కిందికి దూరొద్దు.

ఒక్కో గొట్టం తీసేముందు ఫోటో, తీశాక రెండు వైపులా ఒకే నంబరు రాసిన టేపు. ఎఫ్‌డీలో వ్యాక్యూమ్ గొట్టాలు ఎలుక గూడులా ఉంటాయి, ఫోటో లేకపోతే బ్రహ్మకు కూడా అర్థం కాదు. పాత గొట్టం అంటుకుపోయి రాకపోతే లాగకండి, దాని కింది ప్లాస్టిక్ నిపుల్ విరుగుతుంది. బ్లేడుతో నిలువుగా చీల్చి ఒలిచేసి కొత్తది వేయండి.

వరస: ఎయిర్‌బాక్స్, క్రాసోవర్ పైపు, ఎల్బో, వేడి వైపు గొట్టం, అవసరమైతే ఇంటర్‌కూలర్. థ్రాటిల్ నోరు, వై పైపు నోరు తెరుచుకున్న మరుక్షణం మూసేయండి. నేను ఎర్ర గుడ్డలే వాడతాను, ఎన్ని పెట్టానో ఫెండర్ మీద టేపు అంటించి దాని మీద రాస్తాను. తెల్ల గుడ్డ అల్యూమినియం పక్కన కనబడదు, పాత లుంగీ ముక్క నూలు పోగులు వదులుతుంది.

విప్పిన పైపుల లోపల పల్చటి నూనె పొర ఉంటే కంగారు పడకండి, అది మామూలే. గరిటెతో తీసేంత మడుగు ఉంటే మాత్రం టర్బో సీలు చూపించుకోవాలి. ఇంటర్‌కూలర్‌లో చేరిన నూనె కడిగి తీరాలి. గాలిలో కలిసిన నూనె పెట్రోలు ఆక్టేన్‌ను తగ్గిస్తుంది, మళ్లీ డెటొనేషన్ దగ్గరికే తీసుకెళ్తుంది. క్లీనర్ పోసి, అటూ ఇటూ ఒంచి, పారబోసి, నీళ్లలా తేటగా వచ్చేదాకా చేసి, ఒక రోజంతా ఆరనివ్వండి. ఇది ఆరుబయటే చేయాలి, ఆవిరి మండుతుంది.

ఇక్కడే ఇంటర్‌కూలర్ పక్కన నల్లటి చిన్న ప్లాస్టిక్ ట్యాంకు కనిపిస్తుంది, కూలెంట్‌లోని గాలిని వేరుచేసేది. ఇంకా అసలుదే ఉంటే ఇప్పుడే అల్యూమినియంది పెట్టేయండి. అది పగిలి కూలెంట్ పోయి ఇంజిన్ పోగొట్టుకున్న ఎఫ్‌డీలు చాలా ఉన్నాయి. దానికి తోడు ఈ కారు టెంపరేచర్ గేజ్ ముల్లు మధ్యలోనే కదలకుండా నిలబడి, పరిస్థితి చెయ్యిదాటాక గానీ లేవదు.

ఉత్తినే అమర్చి చూడటం

పని అంతా ఇక్కడే ఉంది. ఒక పూట మొత్తం దీనికే ఇవ్వండి. క్లాంపులు వదులుగా ఉంచి, కదలని చివరల నుంచి మొదలుపెట్టండి: వై పైపు దగ్గరిది, థ్రాటిల్ ఎల్బో, ఇంటర్‌కూలర్ రెండు మూతులు. మధ్య పైపులు ఆఖర్న. ఏ పైపునూ బలవంతంగా వంచి కప్లర్‌లోకి నెట్టకండి. చేత్తో వదిలేస్తే తనంతట తాను కుదురుగా కూర్చోవాలి. వంకరగా కూర్చున్న కప్లర్ బూస్ట్ వచ్చినప్పుడు నిటారుగా అవబోయి జారుతుంది. ప్రతి పైపూ కప్లర్‌లోకి 25 మిల్లీమీటర్లు దూరాలి, లోపల రెండు పైపుల మూతుల మధ్య 5 నుంచి 10 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. ఎక్కడిదాకా దూరిందో మార్కర్‌తో గీత పెట్టండి.

ఇంటర్‌కూలర్ బాడీకి బిగించి ఉంటుంది, థ్రాటిల్ ఇంజిన్‌తో పాటు ఊగుతుంది. రెంటి మధ్య ఒక్క చోటైనా మధ్యలో ఉబ్బు ఉన్న హంప్ కప్లర్ ఉండాలి. ఇంజిన్‌ను చేత్తో పట్టి ఊపి చూడండి. మౌంట్లు పాతబడి బాగా ఊగుతుంటే ముందు వాటి సంగతి చూడాలి.

బెల్టులకు, ఫ్యాను చట్రానికి పైపు కనీసం 15 మిల్లీమీటర్లు ఎడంగా ఉండాలి. బానెట్ దగ్గర కొలవడం ఎలా అంటే, చపాతీ పిండి. నిమ్మకాయంత ముద్ద గట్టిగా కలిపి, మీద చిన్న ప్లాస్టిక్ కవరు చుట్టి, పైపు మీద ఎత్తుగా ఉన్న చోట పెట్టి బానెట్ మెల్లగా మూసి తెరవండి. ముద్ద అణిగి ఎంత మందం మిగిలిందో అదే మీ జాగా. నాకు మొదటిసారి 4 మిల్లీమీటర్లే మిగిలింది. పైపును వేళ్లతో కాస్త తిప్పితే 14కి వచ్చింది. మా ఆవిడ మాత్రం పిండి డబ్బా గరాజ్‌లో ఎందుకుందని ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

పైపు పొడుగెక్కువై కోయాల్సివస్తే కారు దగ్గర కోయకండి. బయటికి తీసుకెళ్లి హ్యాక్సా బ్లేడుతో కోసి, అంచు లోపలా బయటా ఆకురాయితో రుద్ది, ఉప్పు కాగితం పట్టండి. కోసిన చివర బీడ్ పోతుంది, మళ్లీ వేయించాల్సిందే. వెల్డింగ్ షాపులో అడిగితే చుట్టూ నాలుగు వైపులా చిన్న వెల్డు గీతలు పెట్టి ఇస్తారు, అది కూడా నిలుస్తుంది.

ఆ తర్వాత లోపలి శుభ్రం. అల్యూమినియం పొడి ఒక్క చిటికెడు మిగిలినా ఏపెక్స్ సీల్ రాసుకునే గోడ మీద గీతలు పడతాయి. సబ్బు నీళ్లతో కడిగి, తాడుకు గుడ్డ కట్టి పైపులో ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి. గుడ్డ మెరవకుండా వచ్చేదాకా లాగుతూనే ఉండాలి. కొత్త పైపులకూ ఇది తప్పదు, ఫ్యాక్టరీ పొడి వాటిలోనూ ఉంటుంది.

బిగించడం

పైపు చివర, కప్లర్ లోపల ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. కప్లర్ ఎక్కట్లేదని నూనె, గ్రీజు, సబ్బు రాయొద్దు. హెయిర్ స్ప్రే కొట్టండి: తడిగా ఉన్నప్పుడు జారుతుంది, ఆరాక జిగురులా పట్టేస్తుంది. గీత దాకా నెట్టి, క్లాంపును బీడ్ మీద కాదు, బీడ్ దాటాక పైపు నడుము వైపు పెట్టండి. కప్లర్ అంచు నుంచి 3 మిల్లీమీటర్లు వదలాలి. నట్లు చాలావాటికి 11 మిల్లీమీటర్ల పొడుగు సాకెట్ సరిపోతుంది. బిగువు క్లాంపు తయారీదారు చెప్పినంతే. సిలికాన్ పట్టీ పక్కల నుంచి బయటికి ఉబ్బుతోందంటే మితిమీరినట్టు. అన్నీ సగం సగం బిగించి, ఇంకోసారి అమరిక చూసుకుని, అప్పుడు పూర్తిగా బిగించాలి. నట్టు రేపు రెంచికి అందేలా తిప్పి పెట్టుకోండి, మళ్లీ బిగించే పని ఉంటుంది.

ఎల్బో బోల్టులు అల్యూమినియంలోకి వెళ్తాయి. వేళ్లతో చివరిదాకా తిప్పాకే రెంచి పట్టాలి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి.

పరీక్ష

స్టార్ట్ చేసి చూద్దాం అనే తొందరను ఆపుకోండి. ఎల్బోకు, థ్రాటిల్‌కు మధ్య గ్యాస్కెట్ ఆకారంలో కోసిన 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు, దాని మీద రబ్బరు షీటు అడ్డుపెట్టి బోల్టులు వేయండి. వై పైపు దగ్గరి కప్లర్‌ను విడదీసి, అందులో టైరు వాల్వు బిగించిన బిరడా పెట్టి క్లాంపు వేయండి. ఎల్బో మీద, పైపుల మీద ఉన్న చిన్న నిపుల్స్ అన్నీ మూసేయాలి. ఇంజిన్‌తో నిమిత్తం లేకుండా మన పైపులు మాత్రమే పరీక్షకు వస్తాయి. మొత్తం ఇంజిన్‌తో కలిపి గాలి కొడితే, వాల్వులు లేని ఈ ఇంజిన్‌లో రోటరు నిలిచిన చోటును బట్టి గాలి ఎగ్జాస్ట్‌లోకే జారిపోవచ్చు, తల పట్టుకోవడం తప్ప ఏమీ తేలదు.

సైకిల్ పంపుతోనో, రెగ్యులేటర్ ఉన్న కంప్రెసర్‌తోనో 15 పీఎస్ఐ దాకా, మెల్లగా. బిరడా ఎదురుగా ముఖం పెట్టొద్దు. ఆ ఒత్తిడిలో అది 33 కిలోల బలంతో ఎగురుతుంది, అందుకే దాన్ని ఒక బెల్టుతో కట్టేయండి. ప్రతి జాయింటు మీదా, ప్రతి వెల్డు మీదా సబ్బు నీళ్లు కొట్టండి. పంక్చర్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచినప్పుడు వచ్చే బుడగలే ఇక్కడా వస్తాయి. వెల్డులో బుడగొస్తే పైపు వాపసు పంపండి, జిగురు పూసి సర్దుకోవద్దు. ఐదు నిమిషాలైనా పంపు గేజ్ ముల్లు పెద్దగా దిగకపోతే పాసైనట్టే.

గాలి వదిలేయండి. బిరడా తీయండి. రేకు తీయండి. ఎర్ర గుడ్డలు లెక్కపెట్టండి, ఫెండర్ మీద రాసిన అంకెతో సరిపోవాలి. ఎల్బోకు కొత్త గ్యాస్కెట్ వేసి, వై పైపు కప్లర్ బిగించి, ప్రతి కప్లర్ అంచు దగ్గర పైపు మీద తెల్ల పెయింట్‌తో సన్న గీత పెట్టండి. పైపు జారిందా లేదా అన్నది తర్వాత ఆ గీతే చెబుతుంది.

మొదటి స్టార్ట్, మొదటి వారం

స్టార్ట్ చేశాక ఐడిల్‌లో పూర్తిగా వేడెక్కేదాకా ఆపొద్దు. గరాజ్‌లోంచి నాలుగు అడుగులు బయటికి తీసి ఆపేశారో, రోటరీ పెట్రోలుతో మునిగి మళ్లీ స్టార్ట్ కాదు. వ్యాక్యూమ్ ముందు రాసుకున్నదానికి సమానంగా ఉండాలి. తక్కువగా ఉండి ఐడిల్ పెరిగితే ఏదో చిన్న గొట్టం వదిలేశారు, ముందు తీసిపెట్టుకున్న ఫోటోలు మళ్లీ చూడండి. కూలెంట్ ట్యాంకు మార్చి ఉంటే గాలి పూర్తిగా బయటికి పోయిందని తేలేదాకా రోడ్డెక్కొద్దు.

ట్యాంకులో ప్రీమియం పెట్రోలే ఉండాలి. మొదటి ఇరవై నిమిషాలు బూస్ట్ రానివ్వకుండా తిప్పి, ఇంటికొచ్చి గీతలు చూడండి. తర్వాత 5 పీఎస్ఐ, ఆపైన పూర్తి బూస్ట్. 10-8-10 కనిపిస్తే సరే. 4500 దాటాక బూస్ట్ పడిపోయి లేవకపోతే పైపులను అనుమానించేముందు రెండో టర్బోను నడిపే వ్యాక్యూమ్ గొట్టాలు చూడండి, తొంభై పాళ్లు అక్కడే ఏదో ఊడి ఉంటుంది. ఎప్పుడూ చూడని 12, 13 కనిపిస్తే కాలు తీసేయండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు కిట్ కొనేముందే దానికి ఆ రాష్ట్ర ఆమోద నంబరు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే స్మాగ్ పరీక్షలో కంటితో చూసే దశలోనే ఆపేయవచ్చు.

సిలికాన్ మొదటి వేడికి కొంచెం కుదురుకుంటుంది, క్లాంపులు ఆ మేరకు వదులవుతాయి. మొదటి డ్రైవ్ తర్వాత బండి చల్లారాక ఒకసారి, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి రెంచి పెట్టండి. నా బండిలో రెండోసారి ఇంటర్‌కూలర్ బయటి మూతి దగ్గరి నట్టు పావు చుట్టు తిరిగింది, మిగతావేవీ కదల్లేదు.